ఇంకొకరి రోజు

మా బాబాయి ఇరవై ఆరేళ్ళపాటు ఆసుపత్రి రికార్డుల గదిలో కూర్చుని, ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరు ఎప్పుడు పోయారో రాశాడు. అంతకుమించి ఆయన గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదని నేను చాలాకాలం అనుకున్నాను.

ఆ గది రెండో అంతస్తులో, మెట్ల మలుపు పక్కన. ఇనుప అరల్లో నల్ల అట్టల పుస్తకాలు నేల నుంచి కప్పు దాకా ఉండేవి. చెద పట్టకుండా వారానికోసారి ఒక్కో అరలోవి దించి, పొడి గుడ్డతో తుడిచి, పేజీలు విదిలించి మళ్ళీ పెట్టేవాడు. ఆయన బల్లకి ముందు ఒక గాజు కిటికీ, దానికి చెయ్యి పట్టేంత కన్నం. జనం ఆ కన్నంలోకి నోరు పెట్టి మాట్లాడేవారు, ఈయన చెవి పెట్టి వినేవాడు. కంప్యూటరు వచ్చి తొమ్మిదేళ్ళయినా, నకలు కావాలంటే అసలు పుస్తకంతో సరిచూసి, ‘నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న మాట కింద సంతకం పెట్టాల్సింది ఆయనే. సిరా కలం వదలలేదు కాబట్టి ఆఫీసులో అందరూ ఆయన్ని పాళీ గారనేవారు.

కొట్టివేత అంటే ఆయనకి ఒంటిమీద తేలు పాకినట్టుండేది. తప్పు పడితే దాన్ని ఒక్క గీతతో కొట్టి, పైన ఎర్ర సిరాతో సరైనది రాసి, పక్కన పొడి సంతకం చెయ్యాలి. తన పుస్తకాలన్నిటిలో అలాంటివి మూడే ఉన్నాయనీ, ఆ మూడూ వార్డు చీటీల్లో తప్పులే గానీ తనవి కావనీ చెప్పేవాడు. కొందరు పిల్లల చదువుల గురించి చెప్పుకున్నంత గొప్పగా చెప్పేవాడు.

తేదీ తెలియనివాళ్ళతోనే ఆయనకి పెద్ద పని.

“మీవాడు ఎప్పుడు పుట్టాడమ్మా?”

“మా ఆవు ఈనిన మర్నాడు బాబూ.”

“ఆవులు మా పుస్తకంలోకి రావమ్మా. చలికాలమా, వానాకాలమా?”

“వానే. ఇల్లంతా కారింది.”

“మీ ఇల్లు కారడం మొదలుపెట్టింది ఎప్పుడు?”

“కట్టినప్పట్నుంచీ కారుతూనే ఉంది నాయనా.”

ఇలా అరగంట తవ్వి తవ్వి ఒక తేదీకి వచ్చేవాడు. బడి పంతుళ్ళకి అంత ఓపిక ఉండేది కాదు. అందరికీ బడి తెరిచే నెల మొదటి తారీఖు వేసేవారు. “ఊళ్ళో సగం మంది ఒకే రోజు పుట్టారురా. ఆ రోజు మంత్రసాని గతేమిటో!” అని నవ్వేవాడు బాబాయి.

ఆయనకి ఒక్కతే కూతురు. ఇరవై ఏళ్ళు వచ్చినా మేమందరం పాప అనే పిలుస్తాం. పాప పుట్టినరోజు డిసెంబరు ఇరవై అయిదు. టైర్ల దుకాణం పైన అద్దె హాలులో మా సంఘం కూడుకునేది. అక్కడ క్రిస్మస్ ఆరాధనలో మొదటి పాట పిన్నిదే. పాట అయ్యాక పాపని ముందుకి పిలిచి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు. పాపకి అదో కోపం. “నా పుట్టినరోజంతా ప్రభువే మింగేస్తున్నాడు. కొత్త బట్టలంటే పండుగకి కుట్టించాంగా అంటారు. నాకంటూ ఏమీ మిగలదు” అని ఏటా సణిగేది. “నువ్వే ఆయన రోజులోకి దూరావు, సర్దుకో” అనేవాడు బాబాయి. ఆ మాట అన్నప్పుడు పిన్ని ఎందుకు లోపలికి వెళ్ళిపోయేదో నాకు అప్పుడు తెలియదు. నేను పట్టించుకోలేదు కూడా.

ఈ సంగతిలో నా చేతి పని ఉంది కాబట్టి దాచకుండా చెబుతాను. నేను పార్సిల్ ఆఫీసులో తూకాలు రాస్తాను. బడి మధ్యలో మానేశాను. పాత పుస్తకాలు తూకానికి అమ్మే దుకాణంలో దొరికినవి చదివి, ఆదివారం హాలులో కూర్చున్న ముఖాలని చూసినప్పుడల్లా వీళ్ళకేమీ తెలియదు కదా అనుకునేవాణ్ణి. పాపకి ఇరవై నిండబోయే ఏడు, అక్టోబరులో క్రిస్మస్ పుట్టుక గురించి రెండు పుస్తకాలు చదివి నాలుగు పేజీలు రాశాను. సువార్తలో తేదీ లేదు. మొదటి మూడు వందల ఏళ్ళలో ఆ రోజున పండుగ చేసుకున్న జాడ దొరకదు. అంతకుముందు అది సూర్యుణ్ణి కొలిచేవాళ్ళ రోజు. ఇంకొకరి రోజు తీసుకుని మనవాళ్ళు పేరు మార్చారు. ఇదీ దాని సారాంశం. జిరాక్సు తీయించి హాలు గుమ్మం దగ్గర పెట్టాను. ఎవరైనా వచ్చి నాతో వాదిస్తారని ఆశ. ఎవరూ వాదించలేదు. సంఘపెద్ద మాత్రం ఇంటికి తీసుకెళ్ళి చదివాడు.

మా సంఘపెద్ద గడియారాలు బాగుచేస్తాడు. దుర్మార్గుడు కాదు, అదే చిక్కు. ఒకరి దగ్గర ఒక్క పైసా ఎక్కువ తీసుకోడు, ఒక్క అబద్ధం ఆడడు. నవంబరు చివరి ఆదివారం ఆరాధన అయ్యాక నా నాలుగు పేజీలూ గట్టిగా చదివి, కళ్ళజోడు తీసి, “ఇంతకాలం తెలియక చేశాం. తెలిశాక చేస్తే పాపం. ఈ ఏడు నుంచి మన సంఘంలో క్రిస్మస్ లేదు” అన్నాడు.

హాలులో గుసగుస. వెనక వరసలో మా బాబాయి లేచి నిలబడ్డాడు. సంఘంలో ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి.

“పెద్దాయనా, ఒక్క మాట. తేదీ తెలియనివాళ్ళు మా కిటికీ దగ్గరికి రోజుకి ఇద్దరైనా వస్తారు. తేదీ తెలియదు కాబట్టి నువ్వు పుట్టలేదు పొమ్మని అనం కదా. ఏదో ఒకటి రాస్తాం.”

“రాసేది నిజమేనా?”

“దగ్గరగా ఉంటుంది.”

“దగ్గరగానా? అయిదు నిమిషాలు వెనక నడిచే గడియారం నా దగ్గరికి తెస్తే, దగ్గరగానే ఉంది పట్టుకుపో అనమంటారా?”

“అలాగైనా ఇచ్చెయ్యండి బాబూ, మా ఆయన గడియారం మూడు నెలల్నుంచీ మీ దగ్గరే ఉంది” అంది ఆడవాళ్ళలో ఒకావిడ. అందరూ నవ్వారు. సంఘపెద్ద కూడా నవ్వాడు. నవ్వు ఆగాక బాబాయి వైపు తిరిగాడు.

“పోనీ, తెలియని తేదీకి ఏదో ఒక తేదీ వేశారనుకుందాం. ఖాళీ రోజు చూసి వేశారా? లేదు. అప్పటికే ఇంకొకరు ఉన్న రోజు తెచ్చి, ఉన్నవాళ్ళని తుడిచేసి, ఆ చోట బిడ్డని పడుకోబెట్టారు. మీ పుస్తకంలో ఎవరైనా అలాంటి పని చేస్తే ఏమంటారు బ్రదర్?”

బాబాయి జేబులోని కలం తడుముకున్నాడు.

“దొంగ రాత అంటాం.”

“మీ నోటితోనే చెప్పారు. కూర్చోండి.”

కూర్చున్నాడు. ఆయన తేలిపోయాడని నాకు లోపల కాస్త సంతోషం కూడా కలిగింది. నా వాదన గెలిచింది కదా.

పది రోజుల తర్వాత, భోజనాల వేళ, బాబాయి పార్సిల్ ఆఫీసుకి వచ్చాడు. ఎప్పుడూ రాడు. మూటల మధ్య కూర్చోవడానికి చోటు లేక తూకం బల్ల అంచు మీద కూలబడ్డాడు. ముల్లు తిరిగి యాభై ఒకటి దగ్గర ఆగింది. అంతకుముందు ఏడు ఆసుపత్రిలో సరదాగా తూగితే అరవై వచ్చిందని చెప్పాడు.

“ఒరేయ్, నువ్వు రాసిన దాంట్లో ఇంకొకరి రోజు అని ఉంది చూడు. అది నిజమేనా?”

“దాని గురించి ఇంతదూరం వచ్చావా బాబాయ్?”

“నిజమేనా అని అడుగుతున్నాను.”

“కచ్చితంగా ఎవరికీ తెలియదు. రెండు వాదాలున్నాయి.”

“రెండోది ఏంటి?”

చెప్పాను. ఆ రోజు ఎవరి దగ్గరా తీసుకోలేదని, పాతకాలపు పెద్దలు లెక్కకట్టారని కొందరంటారు. వసంతంలో ఫలానా రోజున తల్లి గర్భం దాల్చిందని వాళ్ళ నమ్మకం. దానికి తొమ్మిది నెలలు కలిపితే డిసెంబరు ఇరవై అయిదు వస్తుంది.

“అంటే, తెలిసినంతలో లెక్క చూసుకుని వేశారన్నమాట. మేం చేసినట్టు.”

“అవును.”

“మరి అది రాయలేదేం?”

“నాలుగు పేజీల్లో పట్టలేదు.”

పట్టకేం. అది పెడితే నా వ్యాసం పదును తగ్గుతుందని తీసేశాను. బాబాయి నా ముఖంలోకి చూశాడు. రోజూ కన్నంలోంచి అబద్ధాలు వినే మనిషికి అది తెలియకపోదు. తల వంచుకుని, తన మోకాళ్ళతో మాట్లాడుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టాడు.

ఇరవై ఏళ్ళ క్రితం డిసెంబరు ఇరవై నాలుగున పిన్నికి నొప్పులు వచ్చాయి. బాబాయి డ్యూటీలోనే ఉన్నాడు. మర్నాటి పేజీ గీసి, మొదటి గీత తన బిడ్డ కోసం ఖాళీగా ఉంచుకున్నాడు. పుస్తకంలో ఖాళీ గీత వదలకూడదు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాడు. ఇరవై అయిదున పొద్దున్నే ఆడపిల్ల పుట్టింది. ఊపిరి లేదు. అలాంటి బిడ్డలకి వేరే పుస్తకం ఉంది, సన్నటిది. వార్డు చీటీ ఆయన బల్ల మీదికే వచ్చింది. ఆ పుస్తకం తెరిచి కూర్చున్నాడు గానీ రాయలేకపోయాడు. చీటీ సొరుగులో పెట్టేశాడు. మొదటి గీత ఖాళీగానే ఉండిపోయింది.

జనవరి పదకొండున, ఊడ్చే ఆవిడ ఓపీ హాలు బెంచీ మీద గుడ్డలో చుట్టిన పసిబిడ్డని చూసింది. ఎవరూ రాలేదు. రెండు వారాల బిడ్డ అయి ఉంటుందన్నాడు డాక్టరు. నాలుగు రోజులు వార్డులో ఉంచారు. అయిదో రోజు బిడ్డని అనాథాశ్రమానికి పంపే కాగితం బాబాయి చేతికి వచ్చింది. ఆయన ఆ కాగితం చింపేసి, నల్ల పుస్తకం దించి, డిసెంబరు ఇరవై అయిదు పేజీలో ఖాళీ గీత మీద ఆ బిడ్డని రాశాడు. తల్లి పేరు దగ్గర పిన్ని పేరు. తండ్రి పేరు దగ్గర తన పేరు. ఇంటికి తీసుకెళ్ళి పిన్ని ఒళ్ళో పెట్టాడు. నెల తక్కువ బిడ్డ, ఇన్నాళ్ళూ అద్దాల పెట్టెలో ఉంచారు అని చుట్టాలకి చెప్పారు. ఆ డాక్టరు బదిలీ అయిపోయాడు. ఊడ్చే ఆవిడ పోయింది. పాపకి తెలియదు.

“ఉన్నదాన్ని తుడిచేసి ఆ చోట ఇంకో బిడ్డని పడుకోబెట్టాను. ఆయన సరిగ్గా అదే అన్నాడు. ఆయనకెలా తెలుసురా?”

“ఆయనకేం తెలుసు బాబాయ్! పండుగ గురించి అన్నాడు.”

“పెద్దది పుట్టినట్టూ లేదు, పోయినట్టూ లేదు. ఏ పుస్తకంలోనూ లేదు. దాని రోజు మీద దీన్ని పెంచాను. ఏటా ఆ రోజున హాలులో నిలబడి స్తోత్రం చెప్పాను.” పక్క మూట తాడు గిల్లుతూ, “ప్రభువు సంగతిలోనే అది తప్పయితే, నేనెంత?” అన్నాడు.

అసలు ఆపద అది కాదు. పాప రక్తపరీక్షల లాబ్‌లో ఉద్యోగానికి ఎంపికైంది. డిసెంబరు ఇరవై ఆరులోపు జనన ధ్రువపత్రం కొత్త నకలు ఇవ్వాలి. ఆ నకలు మీద బాబాయి సంతకం పెట్టాలి. ‘నిజమని ధ్రువీకరిస్తున్నాను.’

“ఇదివరకు పెట్టావు కదా బాబాయ్, బడికి, కాలేజీకి?”

“అప్పుడు ఆ మాట చదవకుండా పెట్టాను. ఇప్పుడు చదవకుండా ఉండలేకపోతున్నాను.”

ఆయన లేచాక ముల్లు గిర్రున సున్నా మీదికి వచ్చింది.

రేపిస్తా, ఎల్లుండిస్తా అని ఆయన పాపని తిప్పుతూ వచ్చాడు. ఇరవై ఒకటో తేదీ సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి వంటగది గుమ్మంలో పిన్ని ఆయన దారికి అడ్డంగా నిలబడి ఉంది. పాప బయటికి వెళ్ళింది.

“ఒక్క సంతకమండీ. నేను కన్నదాన్ని కాకపోతే దాన్ని పెంచలేదా? జ్వరమొస్తే ఎవరు కూర్చున్నారు?”

“నేను కాదన్నానా?”

“మరి ఏం రాస్తారు? నాకు పుట్టలేదని రాస్తారా?”

“నీకు పుట్టినది వేరే ఉంది కదే.”

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. నా వైపు తిరిగింది. “నువ్వు చదువుకున్నోడివి కదరా, నాకిది చెప్పు. ఇరవై ఏళ్ళు ఆ పొద్దున పాట పాడాను. పాడుతుంటే పోయినదాని మీద ఏడుస్తున్నానో, ఉన్నదాన్ని చూసి సంతోషిస్తున్నానో ఎవరికీ తెలిసేది కాదు. పండుగ కదా, కళ్ళనీళ్ళొస్తే భక్తి అనుకునేవారు. ఇప్పుడు హాలుకి తాళం వేస్తారట. ఆ రోజుని నేనెక్కడ పెట్టుకోను?”

మర్నాడు పాపే దరఖాస్తు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. కావాలనే లైన్లో నిలబడింది. వంతు రాగానే కన్నంలోకి వంగి, “నాన్నా, నేనూ అందరిలాగే లైన్లో వచ్చాను. ఇప్పుడైనా ఇస్తావా?” అని నవ్వింది. తర్వాత జరిగింది పాపే నాకు చెప్పింది.

బాబాయి లేచి పుస్తకం దించాడు. పేజీ తీశాడు. నకలు కాగితం ముందు పెట్టుకుని కలం మూత తీశాడు. మూత పెట్టేశాడు. సొరుగులోంచి ఎర్ర కలమూ, స్కేలూ తీశాడు. తేదీ మీద ఒక గీత. తల్లి పేరు మీద ఒక గీత. తండ్రి పేరు మీద ఒక గీత. మూడింటి పైనా ‘తెలియదు’ అని రాశాడు. పక్కన మూడు పొడి సంతకాలు. ఎర్ర సిరా ఆరేదాకా ఊదాడట.

“ఎవరిది నాన్నా అది? నా పేజీ కదా, తెలియదని ఎవరికి రాశావు?”

ఆయన గాజుకి అవతలి నుంచే చెప్పాడు. కన్నంలోంచి, మెల్లగా, అన్నీ. వెనక లైన్లో పదకొండు మంది ఉన్నారు. “ఏంటమ్మా, మీ మాటలయ్యాక మా పని చూస్తారా లేదా?” అని ఎవరో అరుస్తున్నారు.

సూపరింటెండెంటు పరుగెత్తుకొచ్చి పేజీ చూసి తల పట్టుకున్నాడు. “పాళీ గారూ, ఏం పని చేశారండీ ఇది! చెయ్యకముందు ఒక్క మాట నాతో అంటే సరిపోయేది కదా. చూశాక చూడలేదని ఎలా అనను?” ఆ సాయంత్రమే బాబాయిని సీటులోంచి తప్పించారు. విచారణ అన్నారు. పుస్తకానికి సీలు వేశారు. పాపకి ఇప్పుడు పుట్టుకే లేదు.

సూపరింటెండెంటు మంచివాడు. కొత్తగా నమోదు చేయించుకోవడానికి కోర్టుకి పెట్టుకునే దరఖాస్తు ఆయనే తెచ్చి ఇచ్చాడు. అది దాఖలు చేసిన రసీదు ఇరవై ఆరు సాయంత్రంలోపు చూపిస్తే ఉద్యోగం ఒక నెల ఆపుతామని లాబ్ వాళ్ళు ఒప్పుకున్నారు. అందులో రెండు సంగతులు తప్పనిసరి. తెలిసినంతలో పుట్టిన తేదీ. పెంచినవాళ్ళిద్దరి సంతకాలు.

ఇరవై మూడున సంఘపెద్ద వాళ్ళింటికి వచ్చాడు. వార్త ఆయన దాకా వెళ్ళింది. బాబాయి రెండు చేతులూ పట్టుకుని, “సత్యం కోసం సొంత బిడ్డని కూడా చూడలేదు మీరు. సంఘానికే మాదిరి” అన్నాడు. నిజంగానే ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

“సొంత బిడ్డ కాదనే కదండీ రాశాను” అన్నాడు బాబాయి. “ఒకటి చెప్పండి. ఇప్పుడు ఆ పిల్లకి ఏ తేదీ వెయ్యమంటారు?”

“తెలియదని వెయ్యండి.”

“తెలియదని వేస్తే కోర్టులో తీసుకోరు.”

సంఘపెద్ద కళ్ళజోడు తుడుచుకున్నాడు. “ప్రార్థన చేద్దాం” అన్నాడు. చేశాడు. వెళ్ళిపోయాడు.

నేను ఆ రాత్రే రెండో వ్యాసం రాసి, మర్నాడు గడియారాల దుకాణానికి తీసుకెళ్ళాను. నేను వదిలేసిన వాదమంతా అందులో పెట్టాను. తేదీ అరువు తెచ్చిందని రుజువు లేదని, తెచ్చిందే అనుకున్నా ఇన్ని తరాల వాళ్ళు ఆ రోజున తలుచుకున్నది సూర్యుణ్ణి కాదని, ఒక బిడ్డ పుట్టుకనని రాశాను. హాలు తెరిపించి పిన్నిని పాడనిస్తే చాలు, బాబాయి గుండెల్లో ముడి కాస్తయినా వదులవుతుందని నా ఆశ. సంఘపెద్ద కంటికి భూతద్దం బిగించుకుని ఏదో చక్రం తిప్పుతున్నాడు. తల ఎత్తలేదు.

“మొదటిదీ నువ్వే రాశావు కదా?”

“అవునండీ.”

“రెండిట్లో ఏది అబద్ధం?”

“రెండూ కాదండీ. మొదట సగమే చెప్పాను.”

“అయితే రేపు ఇంకో సగం దొరికితే మూడోది తెస్తావు. సంఘం నీ చదువుతో పాటు అటూ ఇటూ ఊగదు బాబూ. తీసుకుపో.”

ఇరవై అయిదున హాలుకి తాళమే. పిన్ని పొద్దున్నే వెళ్ళి, టైర్ల దుకాణం పక్క మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చింది. ఎన్నడూ లేనిది, చెప్పులు గుమ్మం లోపలే వదిలేసి మంచం మీద పడుకుంది. పాప కోసం కుట్టించిన నీలం చుడీదారు మడత విప్పకుండా కుర్చీ మీద ఉంది. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి పాప బల్ల దగ్గర దరఖాస్తు పెట్టుకుని ఉంది. ఎదురుగా బాబాయి. మూడు రోజుల్లో ఆ ఇద్దరి మధ్యా అదే మొదటి సంభాషణ అనుకుంటాను.

“డాక్టరు రెండు వారాలన్నాడు కదా. ఇరవై ఎనిమిది వేస్తాను నాన్నా.”

“ఆ రోజు ఏడుగురు. ఏడో కాన్పు రిక్షాలోనే అయిపోయింది, మెట్ల దగ్గర. తల్లి దక్కలేదు.”

“ఇరవై తొమ్మిది?”

“తొమ్మిది మంది. ఇద్దరు కవలలు.”

“ముప్పై?”

“నలుగురే. అందరూ మగపిల్లలు.”

ఆ వారం పుస్తకమంతా ఆయనకి నోటికి వచ్చు. తన బిడ్డ పోయిన వారం, ఎదుటివాళ్ళ బిడ్డల్ని ఒక్కొక్కరినీ తన చేత్తో రాసుకుంటూ కూర్చున్న వారం. పాప ఏ తేదీ అన్నా ఆ తేదీలో ఎవరో ఒకరు ఉన్నారు.

“ఎవరూ లేని రోజు ఉందా నాన్నా అసలు?”

“లేదు.”

“తొమ్మిది మంది ఒకే రోజు పుట్టారు కదా. ఇది మా రోజు, నువ్వు లేచి అవతలికి పో అని వాళ్ళలో ఎవరైనా అన్నారా?”

“వాళ్ళు నిజంగా ఆ రోజు పుట్టారమ్మా. నువ్వు ఏ రోజు పుట్టావో నాకు తెలియదు.”

పాప ఇంకేం మాట్లాడలేదు. కలం తీసుకుని తేదీ గడిలో డిసెంబరు ఇరవై అయిదు అని రాసింది. “నాకు వేరే రోజు రాదు. ఇరవై ఏళ్ళూ ఈ రోజునే పుట్టాను” అని కాగితం ఆయన ముందుకి తోసింది.

పిన్ని మంచం దిగి వచ్చింది. బాబాయిని దాటుకుని వంగి, వంకరటింకర అక్షరాలతో తన పేరు రాసింది. “పెట్టండి. దాని రోజు దీనికి ఇచ్చింది నేను. పోయినదాని తల్లిని నేనే కదా, ఇవ్వడానికి నాకు హక్కు లేదా? అది కాదనదు. ఒక్కసారి పెట్టండి.”

బాబాయి కలం అందుకున్నాడు. మూత తీశాడు. పాళీ గడి మీదికి తెచ్చాడు. గడి పైన చిన్న అక్షరాలు ఉన్నాయి. ‘పై వివరాలు నాకు తెలిసినంతలో నిజమని.’ ఆయన కళ్ళు అక్కడికి వెళ్ళడం నేను చూశాను. వెళ్ళకూడదని ఎంత కోరుకున్నానో చెప్పలేను. సిరా చుక్క పాళీ చివర ఊరి, లావై, కాగితం అంచున పడింది. చెయ్యి కిందికి రాలేదు. “తెలిసినంతలో...” అన్నాడు. అంతే. మనిషి మొత్తం ఆ గడి అంచున వేలాడుతున్నట్టుంది.

“బాబాయ్, పెట్టెయ్. దణ్ణం పెడతాను” అన్నాను.

పెట్టలేదు.

పాప కాగితం తీసుకుంది. పడిన సిరాచుక్కని వేలితో అద్దింది. మడిచి సంచిలో పెట్టుకుంది. చాలా మామూలుగా, కిటికీ దగ్గర లైన్లో నిలబడిన మనిషి గుమాస్తాతో మాట్లాడినట్టు, “వద్దులెండి. మీరు ఇబ్బంది పడకండి” అంది.

చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళింది. పిన్ని “పాపా, పాపా” అని పిలుస్తూ వెంటపడింది. కింద వీధి తలుపు పడిన చప్పుడైంది.

బాబాయి కలం మూత కోసం బల్ల మీద తడుముకుంటున్నాడు. మూత ఆయన ఎడమ చేతిలోనే ఉంది.

“ఒరేయ్, అది ఏమంది?”

“ఇబ్బంది పడకండి అంది బాబాయ్.”

“మీరు అందా?”

“అంది.”

“నన్నేనా?”